చెరువు తూనీగల జీవనం, ప్రవర్తన – వరి పొలంలో పరిశీలించవలసిన అంశాలు

వరి పైరుపై ఎగిరే తూనీగలను మిత్ర పురుగులుగా రైతులకు చూపించడం విస్తరణ కార్యక్రమాలలో పరిపాటి. అయితే అవి ఆ పొలంలోనే పెరిగినవా, వేరొక చోటి నుండి వచ్చినవా అనే విషయం ప్రౌఢ పురుగులను చూసినంత మాత్రాన తెలియదు. అందుకు వాటి నీటి దశను పరిశీలించాలి.

చెరువులు, కుంటలు, వరి మళ్ళలో తరచుగా కనిపించే తూనీగలలో అధిక భాగం ఒడొనేటా క్రమం, లిబెల్లులిడే కుటుంబానికి చెందినవి. క్రోకోథెమిస్ సర్విలియా, ఆర్థెట్రమ్ సబీనా, పంటాలా ఫ్లావెసెన్స్ ఇందుకు ఉదాహరణలు. వీటిలో గుడ్డు, పిల్ల పురుగు, ప్రౌఢ దశలు మాత్రమే ఉంటాయి. కోశస్థ దశ ఉండదు.

అనేక జాతులలో మగ తూనీగ నీటి అంచున పుల్లపై వాలి, తన పరిధిలోకి వచ్చిన ఇతర మగవాటిని తరుముతుంది. ఆడ తూనీగ ఉదరం కొనను నీటికి తాకిస్తూ గుడ్లు విడుస్తుంది. పిల్ల పురుగు పురీషనాళంలోని మొప్పల ద్వారా శ్వాసిస్తుంది. ఆ నీటినే వెనుకకు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. తల కింద ముడిచి ఉంచిన కింది పెదవిని క్షణంలో చాచి దోమ డింభకాలను, ఇతర జలకీటకాలను పట్టుకుంటుంది. చేప పిల్లలను కూడా తింటుంది కనుక చేపల నర్సరీ చెరువులలో ఇది హానికరం.

ప్రౌఢ తూనీగ కాళ్ళను బుట్టవలె అమర్చి, ఎగురుతూనే రెక్కల పురుగులను పట్టుకుంటుంది. ఆహారంలో మిత్ర, శత్రు భేదం పాటించదు. ఆర్థెట్రమ్ సబీనా ఇతర తూనీగలను సైతం తింటుంది. కావున తూనీగలు ఉన్నాయి గనుక చీడలు అదుపులో ఉన్నట్లేనని రైతులకు చెప్పరాదు.

పంటాలా ఫ్లావెసెన్స్ దూర ప్రాంతాలకు వలసపోయే జాతి. ఇది తాత్కాలిక నీటి గుంటలలో త్వరగా పెరుగుతుంది. అయినప్పటికీ పిల్ల పురుగు దశకు సుమారు 38 నుండి 65 రోజులు పడుతుంది. ఈలోగా మడి పూర్తిగా ఎండినా, నీటిలో విషపూరిత గుళికలు పడినా ఆ తరం నశించే ప్రమాదముంది.

పొలంలో పాటించదగిన సూచనలు :

1. ఉదయం వేళ వరి దుబ్బులపై మిగిలిన తూనీగ కుబుసాలను లెక్కించాలి. తూనీగలు ఆ మడిలోనే పెరిగాయనడానికి ఇవే ఆధారం.

2. ఆర్థిక నష్టపరిమితి దాటినప్పుడే పురుగుమందు వాడాలి.

3. మడిని ఆరగట్టేటప్పుడు వీలైతే ఒక మూల చిన్న గుంటలో నీరు నిలపాలి.