బెంగళూరులో నటన నేర్చుకోవాలంటే

మన ట్రస్టు ఉపకార వేతనాల ఇంటర్వ్యూల్లో “డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు?” అని అడుగుతాం. సి.ఏ., నర్సింగు, సాఫ్ట్‌వేరు అని చెప్పే పిల్లల మధ్య ఏటా ఒకరిద్దరు “యాక్టింగ్ నేర్చుకోవాలనుంది సార్” అంటారు. పక్కన కూర్చున్న తండ్రి ముఖం అప్పుడు చూడాలి. ఆ కోరిక తప్పని నేను అనను. కానీ ఎక్కడ నేర్చుకోవాలో తెలియక డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల్లో మాదీ ఒకటి. అందుకే ఈ నాలుగు మాటలు.

మా తమ్ముడి కూతురు బి.కాం. రెండో సంవత్సరంలో ఉండగా ఒకరోజు నా దగ్గరకు వచ్చి, “పెదనాన్నా, నువ్వు చెబితే నాన్న వింటాడు” అంది. చేతిలో ఒక కరపత్రం. మూడు నెలల కోర్సు, ఆఖర్న సినిమాలో అవకాశం గ్యారంటీ అని ఉంది. నేనే వెంట వెళ్లాను. అద్దాల తలుపులు, గోడ నిండా హీరోల ఫోటోలు, ఏసీ గది. నాకూ నమ్మకం కుదిరింది. మూడో ఏడాది కాలేజీ ఫీజుకని మా తమ్ముడు దాచిన 45,000 రూపాయలు అక్కడ కట్టించింది నేనే.

నేర్పే మాస్టారు మొదటి నెలలో నాలుగు రోజులే వచ్చారు. రెండో నెలలో ఫోటోల ఆల్బం పేరుతో ఇంకో 15,000 అడిగారు. ఆఖరికి ఇచ్చిన “అవకాశం” ఒక సీరియల్ పెళ్లి సీనులో వెనక వరసలో నిలబడటం. పట్టుచీర కూడా మనదే! డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న “వాపసు ఇవ్వబడదు” అన్న మాట చూపించారు. అసలు ఏ కోర్సు, ఎన్ని తరగతులు అన్నది ఆ రసీదులో ఎక్కడా లేదు. ఇంట్లో కుక్కర్ కొంటే గ్యారంటీ కార్డు అడిగి తీసుకునేవాణ్ణి, ఇక్కడ ఏమీ అడగలేదు.

అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు నటించింది మేము ఎక్కడ చూడవచ్చు? దీనికి జవాబు చెప్పలేని చోట మిగతా ప్రశ్నలు అనవసరం. సినిమాలో వేషం ఇప్పిస్తామని ఏ శిక్షణ సంస్థా మాట ఇవ్వలేదు, ఎందుకంటే వేషం ఇచ్చేది వాళ్లు కాదు. ఆడిషన్ కోసం డబ్బు అడిగితే అది ఆడిషన్ కాదనే అనుకోండి.

కాబట్టి క్లాసును ప్రకటనల్లో కాదు, నాటకాల్లో వెతకాలి. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు. జె.పి. నగర్‌లో 2004లో మొదలైన రంగశంకర ఉంది. నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం అరుంధతీ నాగ్ పూనుకుని కట్టించిన నాటకశాల అది. ఆలస్యంగా వెళితే లోపలికి రానివ్వరు, మన పెళ్లిళ్లకు వెళ్లినట్టు వెళ్లకండి. జె.సి. రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర ఉంది. బి.వి. కారంత్ స్థాపించిన బెనక, ఇంకా సముదాయ వంటి కన్నడ బృందాలున్నాయి. ఇంగ్లీషు మీద మోజున్నవారికి 1960 నుంచి ఉన్న బెంగళూరు లిటిల్ థియేటర్ ఉంది. ఒక నెలలో నాలుగు నాటకాలు చూడండి. నచ్చిన నాటకం అయ్యాక ఆ బృందం వాళ్లను కలిసి, “కొత్తవాళ్లకు శిక్షణ శిబిరం పెడతారా? రిహార్సల్ చూడనిస్తారా?” అని అడగండి. మేము అలా మూడు బృందాలను అడిగాం. ఒకరు ఇప్పుడు ఖాళీ లేదన్నారు, ఒకరు ఫోన్ చేస్తామని చేయలేదు, మూడోవారు ఆదివారం వచ్చి కూర్చోమన్నారు.

ఆ ఆదివారం ఒక పాత స్కూలు హాల్లో ఇరవైమంది పిల్లలు నేల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీలుస్తున్నారు. “దీనికా ఫీజు?” అని మా తమ్ముడు నా చెవిలో అన్నాడు. తర్వాత నాకు అర్థమైంది. గొంతుతో అరిస్తే పది నిమిషాల్లో బొంగురుపోతుంది. పొట్ట నుంచి ఊపిరి తీసుకుని పలికితే మైకు లేకుండా చివరి వరసకు మాట చేరుతుంది. మొదటి నెలంతా ఇదే. ఊపిరి, నడక, ఒకరికొకరు అద్దంలా కదలడం, ఎదుటివాడి మాట పూర్తిగా విని జవాబివ్వడం. డైలాగు కాగితం రెండో నెలలో గానీ చేతికి రాలేదు. మొదటి రోజే కెమెరా ముందు నిలబెట్టి ఏడవమనే క్లాసుకూ దీనికీ ఇదే తేడా.

ఒక వారం వాళ్లకిచ్చిన పని గాంధీ బజారులో పూలమ్మేవారిని గమనించి రావడం. మా పిల్ల మొదటిసారి పూలావిడ కేక అనుకరించి చూపింది. మాస్టారు సరిపోదన్నారు. మళ్లీ వెళ్లి, ఆవిడ మూర కొలిచేటప్పుడు బేరమాడినవాళ్లకు మోచెయ్యి ఎలా కాస్త వంచుతుందో, తెలిసినవాళ్లకు ఎలా చాపుతుందో చూసివచ్చి చేసింది. అందరూ నవ్వారు. ఆ రోజు నాకు కూడా నటన అంటే ఏమిటో కొంచెం తెలిసింది.

మన పిల్లలకు ఇంకో భయం ఉంటుంది, భాష. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. మూడూ వచ్చు, మూడింటిలోనూ తడబాటే. మా పిల్ల పుస్తకాల కన్నడం చదవమంటే బిగుసుకుపోయేది. మాస్టారు రెండు పనులు చెప్పారు. రోజూ పావుగంట కన్నడ పత్రిక పైకి చదవాలి. ఏ డైలాగయినా ముందు తెలుగులో తన మాటల్లో చెప్పుకుని, తర్వాత కన్నడంలో చెప్పాలి. నాలుగు నెలల్లో బెరుకు పోయింది. మనకు ఇది కొత్త కూడా కాదు. బళ్లారి రాఘవ (1880–1946) తెలుగులోనూ, కన్నడంలోనూ, ఇంగ్లీషులోనూ నాటకాలాడారు. వకీలు వృత్తి చేసుకుంటూనే అంతటి నటులయ్యారు. ఈ సంగతి తండ్రులకు చెబుతున్నాను. పిల్లలకు చెప్పేది వేరే. రజనీకాంత్ బస్సు కండక్టరు ఉద్యోగం వదిలి మద్రాసు వెళ్లారనే కథ చెప్పి చదువు మానేస్తామనకండి. 1973లో మద్రాసులో నటన శిక్షణలో చేరకముందే ఆయన ఇదే బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నాటకాల్లో వేషాలు వేశారు.

ఆదివారం క్లాసుతో ఏడాది గడిచాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు పూర్తికాలపు చదువు ఆలోచించవచ్చు. శివమొగ్గ జిల్లా హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణగారి నీనాసం 1980 నుంచి రంగస్థల శిక్షణ ఇస్తోంది. కన్నడం బాగా రావాలి. మైసూరులో కారంత్ ఆధ్వర్యంలో 1989లో మొదలైన రంగాయణ ఉంది. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల 1959లో ఏర్పడింది. అక్కడి మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతారు. దాని బెంగళూరు కేంద్రంలో దక్షిణాదివారికి ఏడాది కోర్సు ఉంది. పుదుచ్చేరి కిందికి వచ్చే యానాం పిల్లలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. వయసు, చివరి తేదీ ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. చెన్నైలో ఉన్నవారు నా. ముత్తుస్వామి 1977లో స్థాపించిన కూత్తుప్పట్టరై నాటకాలు చూడండి. విజయ్ సేతుపతి అక్కడ మొదట లెక్కలు చూసే ఉద్యోగి. నటులను దగ్గరగా గమనించింది అక్కడే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. రిహార్సల్ ఎన్ని గంటలకు ముగుస్తుందో, ఇంటికి ఎవరితో వస్తారో ముందే అడగండి. మేము వచ్చి కూర్చోవచ్చా అని కూడా అడగండి. మంచి బృందం దీనికి విసుక్కోదు. ఫీజు ఒక్కసారిగా కాక నెలనెలా కట్టండి. రసీదు మీద కోర్సు పేరు, తరగతుల సంఖ్య రాయించండి.

మా పిల్లకు మొదటి నాటకంలో రెండే మాటలు, అవీ గుంపులో నిలబడి. మా తమ్ముడు కావాలనే చివరి వరసలో కూర్చున్నాడు. రెండు మాటలూ వినబడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో ఏమీ మాట్లాడలేదు. బస్సెక్కాక మాత్రం, “వచ్చే ఆదివారం క్లాసు ఎన్ని గంటలకమ్మా?” అని అడిగాడు.