పిల్లి గుండెలో మర్మరధ్వని

జంతుహింసా నివారణ సంఘం ఆస్ట్రేలియాలో మొదట 1871లో మెల్‌బోర్న్ నగరంలో వెలిసింది. ఆ పరంపరకు చెందిన ఆర్.ఎస్.పి.సి.ఎ. శాఖలు నేడు ప్రతి రాష్ట్రంలోనూ దిక్కులేని పిల్లులను చేరదీసి, చికిత్స చేయించి, దత్తతకిస్తున్నాయి. ఇటువంటి ఆశ్రయాలలో కొన్ని పిల్లుల వివరపత్రంలో ‘గుండెలో మర్మరధ్వని ఉన్నది’ అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యానికి అర్థం తెలుసుకోకుండానే పక్క పిల్లి వైపు సాగిపోవడం సమంజసం కాదని నా అభిప్రాయం.

మర్మరధ్వని వ్యాధి కాదు, కేవలం శబ్దం. రక్తప్రవాహంలో సుడులు ఏర్పడినపుడు స్టెతస్కోపులో అది వినిపిస్తుంది. బెదిరిన పిల్లిలో గుండె వేగం హెచ్చినంత మాత్రాన కూడా పుట్టవచ్చు. బ్రిటన్‌లోని రెండు పునరావాస కేంద్రాలలో, పైకి ఆరోగ్యంగా కనిపించే 780 పిల్లులను పరీక్షించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. నూటికి దాదాపు 41 పిల్లులలో మర్మరధ్వని ఉండగా, హృదయకండరం దళసరెక్కే వ్యాధి దాదాపు 15 పిల్లులలోనే కనిపించింది. ఆ వ్యాధి ఉన్నా శబ్దం వినిపించని పిల్లులూ ఉంటాయి. కనుక నిర్ధారణకు ఎకోకార్డియోగ్రామ్ అవసరం. వ్యాధి ఉన్న పిల్లులలో సైతం అనేకం ఏళ్ళ తరబడి లక్షణాలు లేకుండా జీవిస్తాయి. అయితే కొన్నింటిలో రక్తపుగడ్డ వెనుక కాళ్ళకు పోయే ధమనిని మూసివేసే ప్రమాదం ఉన్నదని దాచనక్కరలేదు.

హృదయకండరం పలుచబడి, గుండె ఉబ్బిపోయే వ్యాధి వేరొకటి ఉన్నది. రసాయన శాస్త్రజ్ఞునిగా నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఇదే. 1827లో టీడెమన్, గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తరసం నుండి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఎద్దును ‘టారస్’ అంటారు కనుక దానికి ‘టారిన్’ అన్న పేరు స్థిరపడింది. మామూలు అమైనో ఆమ్లాలలో కార్బాక్సిల్ సమూహం ఉండే చోట దీనిలో గంధకంతో కూడిన సల్ఫోనిక్ సమూహం ఉంటుంది. మన శరీరం దీనిని కొంత తయారు చేసుకోగలదు. పిల్లి శరీరానికి ఆ శక్తి అత్యల్పం. పైగా పిత్తామ్లాలతో జోడించడానికి మనం గ్లైసిన్‌ను కూడా వాడుకుంటాము, పిల్లికి టారిన్ ఒక్కటే గతి. ఖర్చు ఆగదు, రాబడి ఆహారం నుండే రావాలి. 1987లో కాలిఫోర్నియాలో పాల్ పయన్ బృందం ఈ లోపమే గుండె ఉబ్బడానికి కారణమనీ, టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందనీ నిరూపించింది. ఆపై తయారీదారులు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచగా ఆ వ్యాధి అరుదైపోయింది.

శాకాహారులమైన మన కుటుంబాలు ఇక్కడే జాగ్రత్త వహించాలి. బియ్యంలో, పప్పులలో టారిన్ దాదాపు శూన్యం, ఆవుపాలలో స్వల్పం. పెరుగన్నంతో పెరిగిన మన ఊరి పిల్లి ఎలుకలను పట్టి ఆ లోటు తీర్చుకునేది. సిడ్నీ అపార్ట్‌మెంటులో తలుపులు మూసి పెంచే పిల్లికి ఆ అవకాశం లేదు. మాంసం ఉడికించి నీటిని పారబోసినా టారిన్ ఆ నీటితోనే పోతుంది. ఇంట్లో మాంసం ముట్టడం ఇష్టం లేనివారికి, పిల్లులకై ప్రత్యేకంగా తయారైన సమతులాహారపు డబ్బా చాలు.

దత్తతకు ముందు ఎకో పరీక్ష జరిగినదా, నెలకు మందుల ఖర్చెంత అని అడగండి. ముందే ఉన్న జబ్బుకు పెంపుడు జంతువుల బీమా సాధారణంగా వర్తించదు. ఇంటికి తెచ్చాక, పిల్లి నిద్రించేటపుడు నిమిషానికి ఎన్ని శ్వాసలు తీస్తున్నదో లెక్కించడం పిల్లలకు అప్పగించండి. ఆ సంఖ్య తరచుగా 30 దాటుతుంటే పశువైద్యునికి తెలియజేయాలి.