నాలుగోసారికి ముందు ఫైలు తెరువు

కోడలు పిల్లకు, కీసర నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

కీసరగుట్ట కథ నీకు తెలిసిందే. లింగం తెమ్మని రాముడు హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ఆయన నూటొక్క లింగాలతో వచ్చేసరికి ముహూర్తం దాటిపోతోందని రాముడు ప్రతిష్ఠ కానిచ్చేశాడు. అలిగిన హనుమంతుడు విసిరేసినవే గుట్టంతా కనిపించే లింగాలంటారు. శివరాత్రి మొక్కు మానమని మీ మేనత్త అనదు. ఆ కథలో ముహూర్తం మాట మాత్రం పట్టుకో. ఐవీఎఫ్‌లో ముహూర్తమంటే అండం వయసు.

మీవి మూడు ఐవీఎఫ్ సైకిళ్లు పోయాయి. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఇంజెక్షన్ల డబ్బా, సూదులకు గడ్డకట్టిన నడుము, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రిపోర్టు రోజు మాట లేని ఇల్లు. నాచారంలో మీ ఇంటికి వచ్చినప్పుడు ఇవన్నీ నేను చూసినవే. నాలుగోదానికి డబ్బు కట్టేముందు పాత ఫైలు మొత్తం అడిగి తీసుకోండి. ఎన్ని అండాలు తీశారు, వాటిలో పక్వమైనవెన్ని, ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ అనే పిండం దశ దాకా వచ్చినవెన్ని, పిండం పెట్టిన రోజు గర్భాశయం పొర ఎన్ని మిల్లీమీటర్లు? ఈ అంకెలతో వేరే డాక్టరు ముందు కూర్చోండి. మంచి పిండాలే తయారుకాకపోతే దారి ఒకటి, తయారైనా నిలవకపోతే ఇంకొకటి.

నిలవనప్పుడు వెతికే చోట్లున్నాయి. గర్భాశయంలో పాలిప్, అతుకులు, అడ్డుపొర ఉంటే లోపలికి కెమెరా పంపి చూసే హిస్టెరోస్కోపీలో బయటపడతాయి. ఫెలోపియన్ ట్యూబులో నీరు చేరితే అది గర్భాశయంలోకి కారి పిండాన్ని నిలవనివ్వదు. ముందు ఆ ట్యూబు సంగతి చూడాలి. మన దేశంలో గర్భాశయ టీబీని మరిచిపోకూడదు. థైరాయిడ్, షుగరు, ఇద్దరి క్రోమోజోములూ చూడాలి. అల్లుడి వీర్య పరీక్ష ఒక్కసారి నార్మల్ అన్నారని పక్కన పెట్టేయొద్దు.

చీర కొంటే ఫాల్, పికో అంటూ బిల్లు పెంచినట్టు, ఐవీఎఫ్‌కూ తోకలు తగిలిస్తారు. గర్భాశయం పొరను గీకడం అలాంటిదే. 1,364 మందితో చేసిన పరీక్ష ఫలితం 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. గీకించుకున్నా, గీకించుకోకపోయినా నూటికి 26 మందికే బిడ్డ. ‘దీనికి రుజువేంటి డాక్టరు గారూ’ అని అడగడానికి మొహమాటం వద్దు.

అండాలే బలహీనమైతే దాత అండం మాట వస్తుంది. అప్పుడు లెక్కలోకి వచ్చేది దాత వయసు. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన మంగాయమ్మ కవలల్ని కన్నదీ దాత అండాలతోనే. ఆ వార్త చూసి ‘ఇంకా టైముంది’ అనుకుంటే పొరపాటు. ఐవీఎఫ్‌లాంటి చికిత్సలకు వర్తించే 2021 ఏఆర్‌టీ చట్టం ఆడవాళ్లకు 50 ఏళ్లు, మగవాళ్లకు 55 అని గీత గీసింది. దాతకు 23 నుంచి 35 ఏళ్లుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి.

పదేపదే ఐవీఎఫ్ విఫలమైనవాళ్లకు సరోగసీ నిబంధనల్లో చోటుంది. కానీ డబ్బుకు గర్భం బేరం పెట్టడం నేరం. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు తప్పనిసరి. ‘కాగితాలన్నీ మేమే చూసుకుంటాం, మీరు డబ్బు కట్టండి చాలు’ అంటే అక్కడి నుంచి లేచి రండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సెంటర్ డాక్టరు అరెస్టయింది అలాంటి వ్యవహారంలోనే. సరోగసీ బిడ్డ అని లక్షలు పోసి తెచ్చుకున్న పసివాడు తమ బిడ్డ కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. ఆ తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే మీ మేనత్తకు ముద్ద దిగలేదు.

దత్తతను ఆఖరి బండిలా చూడొద్దు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే వరస రావడానికే ఏళ్లు పడుతుంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసు కలిపి 85 దాటకూడదు. చికిత్స నడుస్తుండగానే ఇంట్లో ఆ మాట ఎత్తండి. ఇక చాలు, ఆపేద్దాం అని నీకనిపిస్తే అదీ నిర్ణయమే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా. గాంధీ ఆస్పత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే ఆస్పత్రి పేరుతోనే స్టేషనుంది. ఇప్పుడక్కడ ఏమేం చేస్తున్నారో ఓసారి వెళ్లి కనుక్కోండి.

ఫైలు జిరాక్సు తీయించి, ఆదివారం అల్లుణ్ణి వెంటబెట్టుకుని రా.