ఒక్క నాబ్ పూర్తి చేయండి

ల్యాప్‌టాప్‌లో పాటలు కట్టే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇవాళ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రీపర్, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్... ఇలాంటి పాటల సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి తెరుస్తారు. తెర నిండా నాబ్‌లు, మీటలు. చేతిలో మాత్రం మౌస్. దానితో ఒకసారికి ఒక్కదాన్నే పట్టుకోగలం. వైణికుడికి ఒక్క వేలు వదిలి మిగతావి కట్టేసినట్టే. అందుకే మిడి కంట్రోలర్ కావాలి. అంటే చేత్తో తిప్పే నాబ్‌లు, నొక్కే బటన్లు ఉండి, అవి సాఫ్ట్‌వేర్‌ను నడిపించే పెట్టె.

బజార్లో దొరుకుతుంది. అయినా మొదటిది మీరే తయారు చేసుకోండి అంటాను. డబ్బు మిగులుతుందని కాదు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్‌తో కలిపి లెక్కేస్తే పెద్దగా మిగలదు. మిగిలేది వేరు. నాకు ఏం కావాలో నాకు తెలుసు, దాన్ని నేను చేసుకోగలను అనే నమ్మకం. ఉపన్యాసాలు వింటే రాని నమ్మకం అది.

ముందు కాగితం, పెన్ను తీసుకోండి. పాట చేస్తున్నప్పుడు మీ చెయ్యి మాటిమాటికీ తెర మీద ఎక్కడికి వెళ్తోందో రాయండి. వాల్యూమ్‌కా, ఫిల్టర్‌కా, రికార్డు బటన్‌కా? ఎక్కువమంది దగ్గర ఈ జాబితా చాలా చిన్నదిగా తేలుతుంది. పదహారు నాబ్‌ల పెట్టె కొనాలని ఎదురుచూస్తున్న మనిషికి నిజంగా కావలసినవి నాలుగని తెలిస్తే, సగం పని అయినట్టే. కోరికకీ అవసరానికీ మధ్య గీత గీయడం ఏ రంగంలోనైనా కష్టమే. ఇక్కడ కాగితం మీదే గీయొచ్చు.

ఈ పని మనకు ఇంత తేలిక కావడానికి కారకులు ఇద్దరు పోటీదారులు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి. అప్పట్లో ఒక కంపెనీ సింథసైజర్‌కు ఇంకో కంపెనీ సింథసైజర్ భాష అర్థమయ్యేది కాదు. ఉమ్మడి పద్ధతి కోసం ఇద్దరూ పూనుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. ఆ పద్ధతే మిడి. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ వచ్చింది. తమ దగ్గరే దాచుకుని ఉంటే, ఇవాళ మీరు ఇంట్లో కట్టిన పెట్టెను ఏ సాఫ్ట్‌వేరూ గుర్తించేది కాదు.

ఇక మొదటి నాబ్. తిప్పే భాగంగా మూడు కాళ్ల 10 కిలో ఓమ్స్ పొటెన్షియోమీటర్, బి10కె అని రాసి ఉన్నది, ఒకటి. ఏటీమెగా32యు4 చిప్ ఉన్న బోర్డు ఒకటి, ఆర్డుయినో లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ. ఆర్డుయినో ఊనో తీసుకోవద్దు. కంప్యూటర్ దాన్ని నేరుగా మిడి పరికరంగా చూడదు, మధ్యలో ఇంకో ప్రోగ్రాం పెట్టాల్సి వస్తుంది. నాబ్ చివరి కాళ్లలో ఒకటి 5 వోల్టులకు, రెండోది గ్రౌండ్‌కు, మధ్య కాలు బోర్డు అనలాగ్ పిన్‌కు. తిప్పితే బోర్డుకు 0 నుంచి 1023 దాకా అంకెలు కనిపిస్తాయి. మిడి కంట్రోల్ సందేశానికి 0 నుంచి 127 చాలు కాబట్టి బోర్డులో ఎక్కించే ప్రోగ్రాంలో 8తో భాగిస్తాం. వెళ్లే సందేశంలో మూడే సంఖ్యలు. ఇది కంట్రోల్ మార్పు, మొదటి ఛానెల్ అని చెప్పే 176, కంట్రోల్ నంబరు, దాని విలువ. నంబరు 20 పెట్టుకోండి. మిడి ప్రమాణంలో దానికి ప్రత్యేకమైన పనేదీ కేటాయించలేదు.

మొదటిసారే పనిచేస్తుందని అనుకోకండి. అసలు చదువు మొదలయ్యేది అది పనిచేయని ఆ సాయంత్రమే. చాలామంది అక్కడే పెట్టె మూసి అటక మీద పెట్టేస్తారు. మీరు చేయాల్సింది వేరు. తప్పేమిటని వెతకడం మానేసి, ఎక్కడి దాకా సరిగ్గా ఉందని వెతకండి. నాబ్ నుంచి బోర్డు, బోర్డు నుంచి కంప్యూటర్, కంప్యూటర్ నుంచి పాటల సాఫ్ట్‌వేర్. ఉన్నవి ఈ మూడు మజిలీలే.

మొదట ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ మానిటర్ తెరిచి బోర్డు చదువుతున్న అంకెలు చూడండి. నాబ్ ముట్టుకోకుండానే అంకెలు వాటంతటవే ఎటుపడితే అటు తిరుగుతుంటే మధ్య కాలి వైరు ఊడిందన్నమాట. సగం దాకా మెల్లగా కదిలి చివర్లో ఒక్కసారి ఎగబాకితే, దుకాణంలో బి10కె బదులు ఎ10కె ఇచ్చి ఉంటారు. అది లాగరిథమిక్ రకం. కంప్యూటర్ అసలు బోర్డునే గుర్తించకపోతే యూఎస్‌బీ కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లలో చాలానే ఉంటాయి, వాటిలో డేటా వైర్లు ఉండవు. ఇవన్నీ బాగుండి, మిడి సందేశాలను చూపించే మిడి మానిటర్ ప్రోగ్రాంలో సందేశాలు కనిపిస్తున్నాయా? అయితే మీ చేతిపని పూర్తయింది. మిగిలింది పాటల సాఫ్ట్‌వేర్‌లో మీరు కదిలించాలనుకున్నదానికి మిడి లెర్న్ నొక్కి నాబ్ తిప్పడమే.

మార్కులు రావడం లేదని కుమిలిపోయే విద్యార్థికీ ఇదే దారి. ప్రశ్న అర్థం కావడం దాకా బాగుందా? లెక్క దాకా బాగుందా? సమయం దగ్గర తప్పుతోందా? ఎక్కడని అడిగినవాడికి రేపు చేయాల్సిన పని దొరుకుతుంది. నావల్ల కాదన్నవాడికి ఏమీ దొరకదు.

నాబ్ పనిచేశాక ఇంకో చిక్కు వస్తుంది. చెయ్యి తీసేసినా విలువ 63, 64, 63, 64 అని వణుకుతూ ఉంటుంది. విద్యుత్తులో సన్నని అలజడి ఎప్పుడూ ఉంటుంది, దానివల్ల. పాత ఐదు పిన్నుల మిడి కేబుల్ వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో సందేశానికి దాదాపు ఒక మిల్లీ సెకను. అలాంటి దారిలో అక్కర్లేని సందేశాలు కుమ్మరిస్తే, కావలసిన స్వరమే ఆలస్యమవుతుంది. కాబట్టి విలువ చెప్పుకోదగ్గంత మారితేనే పంపమని ప్రోగ్రాంలో రాస్తాం. బటన్‌దీ ఇదే కథ. ఒకసారి నొక్కితే లోపలి రేకులు కొన్ని మిల్లీ సెకన్ల పాటు అదురుతాయి, బోర్డు దాన్ని అనేక నొక్కులుగా చదువుతుంది. ఆ కాసేపు ఆగి చూడమని చెప్పాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ పని ఇంకా దగ్గరిది. మామూలు కీబోర్డు మీద గమకం పలకదు, మెట్టు మెట్టుగా స్వరాలు వస్తాయంతే. కానీ మిడిలో పిచ్ బెండ్ అనే సందేశానికి 128 కాదు, 16,384 విలువలున్నాయి. నాబ్ బదులు వేలు జార్చే రిబ్బన్ సెన్సర్ పెట్టి దాన్ని పిచ్ బెండ్‌కు కలపండి, జారు జారులాగే వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త. సింథసైజర్లలో పిచ్ బెండ్ పరిధి సాధారణంగా రెండు అర్ధస్వరాలే. షడ్జం నుంచి పంచమానికి ఏడు కావాలి. పరిధిని 12కి పెంచుకోండి. మన సంగీతానికి తగిన పరికరాన్ని వేరే దేశపు కంపెనీ తయారు చేసి పంపాలని కాచుకుని కూర్చోవడం నాకు నచ్చదు. దాని అవసరం ఎవరికి తెలుసో వాళ్లే చేయాలి.

పెట్టె గురించి తొందరపడొద్దు. ముందు అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, నాబ్‌లు బిగించి, దానితోనే ఒక పాట మొత్తం చేయండి. ఏ రెండు నాబ్‌లు వేళ్లకు అడ్డొస్తున్నాయో, ఏ బటన్ దూరమైందో చేతులే చెబుతాయి. ఆ తర్వాత నేమ్ ప్లేట్లు కోసే దుకాణంలో అక్రిలిక్ పలక కోయించుకోవచ్చు. నాబ్‌లు పెంచాలంటే 8 దారులున్న 4051 చిప్, 16 దారులున్న 4067 చిప్ ఉన్నాయి, ఒక్క అనలాగ్ పిన్ మీదే అన్నింటినీ చదివిస్తాయి. అయితే అది రెండో అంకం.

వీడియోలు చూసి భాగాలు కొని డ్రాయర్‌లో పోగేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గుంపులో చేరకండి. హైదరాబాదులో ఉంటే ఈ శనివారం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి, వేరే ఊళ్లో ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఒక బోర్డు, ఒక బి10కె, ఒక బ్రెడ్‌బోర్డు, నాలుగు వైర్లు, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. ఆ ఒక్క నాబ్‌తో మీ పాటలో ఒక ఫిల్టర్ కదిలేదాకా రెండో నాబ్ కొనకండి.