పట్టుగూళ్ల లెక్క – ప్రోగ్రాము ఏల ఆగిపోయినది?

మా మిట్టేమరి పిల్లలకు ఇంట తెలుగు, కార్యాలయములందు కన్నడము, కంప్యూటరుపై ఇంగ్లీషు. అందుచేత ప్రోగ్రాము నడుమ ఆగి ఎర్ర అక్షరములు కనబడగానే, వానిని చదువకయే తుడిచివేయు అలవాటు వారికి కలదు. పట్టుపురుగులు పెంచు ఇంటి విద్యార్థి యొకడు తండ్రి అమ్మకపు లెక్కకై పైథాన్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము ఇట్లే చెడినది. దానినే పాఠముగా చెప్పుచున్నాము.

అతడు మొదట ‘సరకు’ అను క్లాసు వ్రాసెను. క్లాసనగా ఇచట మన తరగతి కాదు. ఒక జాతి వస్తువులన్నిటికి పనికివచ్చు అచ్చు. (2008లో వెలువడిన మూడవ పైథాన్ మొదలుకొని ఇట్టి పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును.) అందలి ఆరంభ మెథడు తూకముల జాబితాను దాచును, ‘మొత్తం’ అను మెథడు వానిని కూడును. వేరుసెనగకు ఇది చక్కగా పనిచేసెను. పిదప దానినుండి ‘పట్టుగూళ్లు’ అను పిల్ల క్లాసును కల్పించి, తరుగు చేర్చుటకై ఆరంభ మెథడును మరల వ్రాసెను. మూల క్లాసు గుణములు పిల్లకు సంక్రమించు ఈ పద్ధతి 1967లో నార్వే శాస్త్రజ్ఞులు డాల్, నిగార్డ్ గార్ల సిమ్యులా భాషతో వచ్చినది.

‘మొత్తం’ అడుగగానే ప్రోగ్రాము ఆగెను. చివరి పంక్తిలో ‘అట్రిబ్యూట్ ఎర్రర్’ అనియు, ‘తూకములు’ అను గుణము లేదనియు ఉన్నది. తప్పు చూపిన పంక్తి మూల క్లాసులోనిది. మేమును మొదట అచటనే వెదకితిమి. బాలుడు తొందరపడి, తూకములు లేనిచో సున్న ఇమ్మని అందు వ్రాసెను. ప్రోగ్రాము ఆగలేదు గాని, తండ్రి గూళ్లు సున్న కిలోలైనవి! ఆగిపోవుటకంటె ఇది ప్రమాదము. ఆగిన ప్రోగ్రాము తన తప్పును తానే చెప్పును.

లోపము పిల్ల క్లాసున కలదు. వ్యాకరణమున విశేషసూత్రము తనకు చెందిన చోట మాత్రమే సామాన్యసూత్రమును తొలగించును. ఇచట అట్లు గాదు. అదే పేరుతో వ్రాసిన మెథడు పాతదానిని పూర్తిగా కప్పివేయును. తన పంక్తి పాతవానికి చేరునని బాలుడు తలచెను. తూకములు దాచు పంక్తి నడువనే లేదు. కొత్త ఆరంభ మెథడు తొలి పంక్తిలో ‘సూపర్’ ద్వారా మూల ఆరంభమును పిలిచి తూకములను అందించగా సరిపోయినది. మూలమున చేర్చిన సున్నను తీసివేయించితిమి.

మరునాడు తరుగు తీసివేయుటకై ‘మొత్తం’ మెథడును గూడ మరల వ్రాసెను. ఈమారు ‘సూపర్’ అనవలసిన చోట ‘సెల్ఫ్’ అనినందున, మెథడు తన్ను తానే పిలుచుకొనుచు పోయెను. పైథాన్ సాధారణముగా 1000 పిలుపుల లోతున దీనిని నిలిపి ‘రికర్షన్ ఎర్రర్’ అని చూపును. ఆ ఒక్క మాట మార్చగా, 20, 25 కిలోల రెండు తూకములకు 1 కిలో తరుగు పోయి 44 వచ్చినది.

విద్యార్థులారా, ఎర్ర అక్షరములను చివరి పంక్తినుండి పైకి చదువుడు. ఆగిన పంక్తి మూల క్లాసులోనిదైనచో, పిల్ల క్లాసున ఏ పేర్లు మరల వ్రాసితిరో ముందు చూడుడు. ఇంకొక చిక్కు గలదు. మూల ఆరంభమే ‘మొత్తం’ను పిలుచునట్లున్నచో, పిల్ల క్లాసులోని ‘మొత్తం’ నడచి తరుగును వెదకును. అప్పటికి తరుగు దాచబడి యుండదు. అట్టిచోట తరుగును ముందు దాచి, పిదప ‘సూపర్’ను పిలువవలెను.