నీటిలోని ప్రతిబింబమును చిత్రించు విధము

మొయినాబాదునకు చేరువనున్న గండిపేట జలాశయము, అనఁగా ఉస్మాన్ సాగర్, 1908వ సంవత్సరపు మూసీ వఱదల పిమ్మట తలపెట్టఁబడి 1920లో పూర్తియయ్యెను. వఱదను ఆపుటకును, హైదరాబాదునకు త్రాగునీరిచ్చుటకును దానిని కట్టిరి. షాబాదు, చేవెళ్ల ప్రాంతముల విద్యార్థులు ప్రతిబింబముల ఛాయాచిత్రములు తీయ నేర్చుటకు అది తగిన తావు.

గాలి వీచినచో ప్రతిబింబము చెదరును. కావున వేకువనే పోవలెను. ఎదుటి యొడ్డునందలి చెట్టు ప్రతిబింబము నీటిపైననే యున్నట్లు తోఁచినను, కెమెరాకు చెట్టెంత దూరమో అదియు ఇంచుమించు నంత దూరమే. కావున కటకమును చెట్టునకే సవరింపవలెను. ప్రతిబింబము చెట్టుకంటె కొంత నల్లగా నుండును. నీరును ఒడ్డును కలియు రేఖ ఒరగరాదు. రెండు సగములును సమానముగా కనఁబడవలెనన్నచో ఆ రేఖను నడుమ నిలుపుఁడు. లేనిచో మూఁడవ పాలున నుంచుఁడు.

అచ్చు తీసినపిమ్మట మూలమట్టము ఆకారముగల రెండు అట్టముక్కలను చిత్రముపై జరిపి చూచి, పిదప అంచులు కత్తిరింపుఁడు. చెట్టు కొన నిలిపి నీటిలోని కొనను కోయరాదు. మఱియొకటి: వేసవిలో బయటపడిన బురద యొడ్డును కోసివేసినచో, జలాశయము నిండియున్నదని చూపరులు నమ్ముదురు. నీటికై ఎదురుచూచువారికి అది అబద్ధము చెప్పుటయే. అట్టి యొడ్డును ఉండనిచ్చి, చిత్రము వెనుక తీసిన నెలను, సంవత్సరమును వ్రాసియుంచుఁడు.