ల్యాండ్‌స్కేప్ ఫొటోలకు క్రాప్ సెన్సర్ కెమెరా, లెన్సులు ఎలా ఎంచుకోవాలి?

కెమెరా కొందామనుకోగానే చాలామంది ముందు బాడీ వైపు చూస్తారు. ఎన్ని మెగాపిక్సెళ్లు, ఏ కంపెనీ, కొత్త మోడల్ ఎప్పుడొస్తుంది అని ఆరా తీస్తారు. కొండలు, లోయలు, జలపాతాలు తీయాలనుకునే మనకు ఆ వరస పనికిరాదు. మనం చివరి నుంచి మొదటికి వద్దాం. ముందు తీయదలచిన చోటు, ఆ చోటుకు తగిన లెన్స్, ఆ లెన్స్ దొరికే మౌంట్, అన్నిటికన్నా చివర బాడీ. ఇలా వెళ్తే పెట్టిన ప్రతి రూపాయీ ఫొటోలో కనిపిస్తుంది.

క్రాప్ సెన్సర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం ఉంటుంది. ఏపీఎస్-సీ అనే క్రాప్ సెన్సర్ నికాన్, సోనీ, ఫూజీఫిల్మ్ కెమెరాల్లో దాదాపు 23.5×15.6 ఎంఎం, కెనాన్‌లో ఇంకాస్త చిన్నగా 22.3×14.9 ఎంఎం ఉంటుంది. ఒకే లెన్స్‌ను రెండింటికీ తగిలించి చూస్తే, చిన్న సెన్సర్ ఇచ్చే ఫొటో పెద్ద ఫొటో అంచుల్ని కత్తెరతో తీసేసినట్టు ఉంటుంది. అందుకే లెన్స్ మీది అంకెను 1.5తో, కెనాన్‌లో అయితే 1.6తో గుణించి చూసుకుంటాం. 18 ఎంఎం లెన్స్ మనకు ఫుల్ ఫ్రేమ్ మీద 27 ఎంఎం చూపించినంత మేరే చూపిస్తుంది.

చిన్న సెన్సర్ అని వెనకాడాల్సిన పని లేదు. పెద్ద సెన్సర్ బలం ముఖ్యంగా తక్కువ వెలుతురులో, ఎక్కువ ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే మోతాదు) దగ్గర తెలుస్తుంది. మనం ట్రైపాడ్ మీద, ఐఎస్‌ఓ 100 దగ్గర తీస్తాం కాబట్టి తేడా బాగా తగ్గిపోతుంది. పైగా తెల్లవారుజామున కొండ ఎక్కేటప్పుడు భుజం మీద బరువూ తక్కువే.

కావలసినవి

• రెండు మూడు లెన్సులున్న మన ఫోన్
• ఒక చిన్న నోటుపుస్తకం
• మన సొంత మెమరీ కార్డు, షాపులో పరీక్షించడానికి
• చిన్న టార్చిలైటు, ఒక దినపత్రిక, అంటించడానికి టేపు
• పది వంతులు చేసిన బడ్జెట్: నాలుగు వంతులు బాడీకి, నాలుగు లెన్సులకు, రెండు ట్రైపాడ్, ఫిల్టర్, కార్డులకు

చివరి రెండు వంతులను బాడీకి మళ్లించకండి. ట్రైపాడ్ లేకపోతే తొలి వెలుగులో మంచి కెమెరా కూడా వణికిన ఫొటోలే ఇస్తుంది.

పద్ధతి

1. ఫోన్‌తో కొలుద్దాం

మనం ఎక్కువగా వెళ్లే మూడు నాలుగు చోట్లు నోటుపుస్తకంలో రాసుకుందాం. ఈసారి వెళ్లినప్పుడు ప్రతి చోటునూ ఫోన్‌లోని అన్ని లెన్సులతో తీసి, ఏది నచ్చిందో పక్కన రాద్దాం. ఫోన్‌లో 0.5 దగ్గర తీసిన ఫొటో, క్రాప్ కెమెరాలో సుమారు 9 ఎంఎం లెన్స్‌తో తీసినంత వెడల్పు ఉంటుంది. 1 దగ్గర తీసింది 16 ఎంఎంకి, 3 దగ్గర తీసింది 50 ఎంఎంకి దగ్గరగా ఉంటుంది. ఫోన్‌ను బట్టి కొంచెం అటూఇటూ అయినా మన పనికి ఈ అంచనా చాలు.

ఒక జాగ్రత్త: కొన్ని ఫోన్లు ఫొటో వివరాల్లో 5 ఎంఎం, 6 ఎంఎం అని చూపిస్తాయి. అది ఫోన్ లెన్స్ అసలు కొలత. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

2. మూడు వెడల్పుల్లో మనది ఏదో తేల్చుకుందాం

అల్ట్రా వైడ్, 10–18 ఎంఎం: 10 ఎంఎం దగ్గర అడ్డంగా సుమారు 99 డిగ్రీల మేర పడుతుంది. గండికోట అంచున నిలబడితే కింద పెన్నా నది, రెండు వైపులా ఎర్రరాతి గోడలు, పైన ఆకాశం అన్నీ ఒకే చట్రంలో పట్టేది దీంతోనే. అయితే ఈ లెన్స్ దూరంగా ఉన్నదాన్ని బాగా చిన్నది చేస్తుంది. దగ్గర్లో చెప్పుకోదగ్గదేదీ లేకపోతే ఫొటో ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి రెండడుగుల దూరంలో ఒక పగుళ్లు తేలిన రాయినో, గడ్డి దుబ్బునో వెతికి, కెమెరాను దాని ఎత్తుకు దించుదాం. కెమెరాను పైకి ఎత్తి పెడితే చెట్లు, బురుజులు లోపలికి వాలినట్టు పడతాయి. నేలకు సమంగా పెట్టడం అలవాటు చేసుకుందాం.

మధ్య రకం, 16–50 లేదా 18–55 ఎంఎం: 18 దగ్గర 66 డిగ్రీలు, 50 దగ్గర 26 డిగ్రీల పైచిలుకు. చెరువులు, పొలాలు, ఊరి వెనక కొండ, వీటిలో చాలావరకు దీంతోనే తీయవచ్చు.

టెలి, 55–200 లేదా 55–250 ఎంఎం: ల్యాండ్‌స్కేప్‌కి దీనితో పనేముందని కొత్తవాళ్లు వదిలేస్తారు. పాడేరు దగ్గరి వంజంగిలో చలికాలం తెల్లవారుజామున మేఘాలు లోయ నిండా పరుచుకున్నప్పుడు చూడండి. అల్ట్రా వైడ్‌లో అది ఒక తెల్లటి గీత. 150 ఎంఎం దగ్గర మేఘాల్లోంచి పైకి లేచిన రెండు శిఖరాలు, వాటి మధ్య దొర్లే పొగమంచు మాత్రమే మిగిలి, ఫొటోకు ఒక రూపం వస్తుంది.

3. ఒక్క లెన్స్‌తో మొదలుపెడదాం

బాడీతో వచ్చే కిట్ లెన్స్‌ను చిన్నచూపు చూడకండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 దగ్గర అది ఇచ్చే స్పష్టత కొత్తవాళ్లకు పూర్తిగా సరిపోతుంది. కొన్ని నెలలు దాంతోనే తీసి, నచ్చిన ఫొటోల వివరాలు కంప్యూటర్‌లో చూద్దాం. ఎక్కువ ఫొటోలు 16–18 దగ్గరే ఆగి ఉంటే మన చూపు ఇంకా వెడల్పు కోరుతోందన్నమాట, అల్ట్రా వైడ్ కొందాం. 50–55 దగ్గర గుమిగూడితే టెలి కొందాం.

అల్ట్రా వైడ్‌లో నమ్మకంగా చూడదగ్గవి (లోపల అద్దం ఉన్న కెమెరా డీఎస్ఎల్ఆర్, లేనిది మిర్రర్‌లెస్): కెనాన్ మిర్రర్‌లెస్‌కు ఆర్ఎఫ్-ఎస్ 10–18, కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు ఈఎఫ్-ఎస్ 10–18, నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు ఏఎఫ్-పీ డీఎక్స్ 10–20, నికాన్ మిర్రర్‌లెస్‌కు జెడ్ డీఎక్స్ 12–28, సోనీకి 10–20 ఎఫ్/4, ఫూజీఫిల్మ్‌కు ఎక్స్ఎఫ్ 10–24 ఎఫ్/4. ఎఫ్/2.8 లాంటి పెద్ద అపర్చర్ కోసం ఎక్కువ పెట్టడం పాలపుంత తీసేవాళ్లకే అవసరం. పగటి దృశ్యాలకు మనం ఎలాగూ ఎఫ్/8కి తగ్గించే తీస్తాం.

4. మౌంట్ సరిచూద్దాం

లెన్స్ బాడీకి తగులుకునే భాగమే మౌంట్. కంపెనీని బట్టి మారుతుంది. బాడీ కొనేముందే, మనకు కావలసిన లెన్సులు ఆ మౌంట్‌లో ఉన్నాయా, మనం పెట్టగలిగే ధరలో దొరుకుతున్నాయా అని చూడాలి. కెనాన్ పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త ఆర్ సిరీస్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్ డీ3000, డీ5000 వరస బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు. వాటికి పాత ఏఎఫ్-డీ లెన్స్ తగిలిస్తే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని తీసుకుని ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు.

5. ఇప్పుడు బాడీ

మెగాపిక్సెళ్ల గురించి బెంగ వద్దు. 24 మెగాపిక్సెళ్లంటే 6000×4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20×13 అంగుళాల ప్రింటు వస్తుంది. గోడకు తగిలించుకోవడానికి అది చాలు. మనం చూడవలసినవి వేరు:

• రా ఫైల్ (సెన్సర్ ఇచ్చిన ముడి సమాచారం) తీయగలగడం
• తెరను పైకి తిప్పుకునే వీలు, నేలబారున తీసేటప్పుడు మెడ పట్టేయకుండా
• హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫ్) చూపించడం
• వానజల్లు, దుమ్ము తట్టుకునే సీలింగ్, ఉంటే మంచిది
• బాడీలోనే వణుకు తగ్గించే స్టెబిలైజేషన్, ట్రైపాడ్ వాడే మనకు తప్పనిసరి కాదు

కెనాన్ ఆర్10, నికాన్ జెడ్50, సోనీ ఏ6400 ఈ పనికి దిట్టమైనవి. బడ్జెట్ ఉంటే కెనాన్ ఆర్7, సోనీ ఏ6700, ఫూజీఫిల్మ్ ఎక్స్-టీ5లో సీలింగ్, స్టెబిలైజేషన్ రెండూ ఉన్నాయి. బడ్జెట్ తక్కువైతే సెకండ్ హ్యాండ్ కెనాన్ 200డీ మార్క్ 2 లాంటి 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్ తీసుకుని, మిగిలింది లెన్స్‌కు పెడదాం.

6. షాపులో పరీక్షిద్దాం

ఈ పరీక్షలు కొత్త లెన్స్‌కూ చేయాలి, పాతదానికి మరీ ముఖ్యం.

• లెన్స్‌లోకి ఒక వైపు నుంచి టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూద్దాం. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫరవాలేదు. సాలెగూడు పోగుల్లా సన్నటి తెల్లటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత చవకైనా వదిలేద్దాం.
• దినపత్రికను గోడకు బల్లపరుపుగా అంటించి, కెమెరాను దానికి ఎదురుగా, సమంగా నిలిపి, చట్రమంతా నిండేలా తీద్దాం. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూద్దాం. నాలుగూ కొంచెం మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక్క మూలే మసకబారితే లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగినట్టు. మార్చమని అడుగుదాం.
• ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫోకస్ తప్పించి తీద్దాం. మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ముంది. శుభ్రం చేయించి ఇవ్వమని అడగవచ్చు.
• పాత బాడీ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటివరకు ఎన్ని ఫొటోలు తీసిందో) అడుగుదాం. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా అని చూద్దాం.

7. ట్రైపాడ్, ఫిల్టర్

ట్రైపాడ్‌ను పూర్తి ఎత్తుకు తెరిచి తల మీద చేత్తో నొక్కి చూద్దాం. ఊగితే వద్దు. ఫిల్టర్లలో మొదటిది పోలరైజర్. వర్షాకాలంలో బొగత జలపాతం దగ్గర తడిరాళ్ల మీద, ఆకుల మీద తెల్లటి మెరుపు కమ్ముకుంటుంది. పోలరైజర్‌ను మెల్లగా తిప్పుతూ తెర మీద చూస్తే ఆ మెరుపు పోయి, రాతి నలుపు, ఆకు పచ్చదనం బయటపడతాయి. కానీ 10–12 ఎంఎం దగ్గర నీలాకాశం ఉంటే దీన్ని తీసేద్దాం. ఆకాశం ఒక చోట ముదురుగా, ఒక చోట లేతగా పడుతుంది.

8. తొలి ఫొటో

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, రా ఫైల్, ఐఎస్‌ఓ 100, అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మనం, షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్), ఎఫ్/8 పెడదాం. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ఆపేద్దాం. 12 ఎంఎం దగ్గర సుమారు ఒక మీటరు దూరంలో ఫోకస్ చేస్తే, అర మీటరు నుంచి కనుచూపు మేర వరకు స్పష్టంగా వస్తుంది. 18 ఎంఎం దగ్గర రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేద్దాం. రెండు సెకన్ల టైమర్ పెట్టి బటన్ నొక్కి చేయి తీసేద్దాం. హిస్టోగ్రామ్ కుడి గోడకు ఆనుకుంటే వెలుతురు ఎక్కువైనట్టు. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి మళ్లీ తీద్దాం.

తరచూ జరిగే పొరపాట్లు

• క్రాప్ కోసమే చేసిన లెన్స్ కాబట్టి గుణించక్కర్లేదనుకోవడం. 10–18 అని ఉన్నా గుణించాల్సిందే, అది 15–27 అవుతుంది.
• రేపెప్పుడో ఫుల్ ఫ్రేమ్ కొంటామని ఇప్పుడే 16–35 కొనడం. క్రాప్ మీద అది 24–52లా పనిచేస్తుంది. ఖర్చు, బరువు పెరుగుతాయి, వెడల్పు మాత్రం రాదు.
• అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/22 పెట్టడం. చిన్న రంధ్రం గుండా వెలుతురు వంగి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/11 దాటకుండా చూద్దాం.
• ఫిల్టర్ మీద ఫిల్టర్ వేయడం. అల్ట్రా వైడ్‌లో మూలలు నల్లబడతాయి.
• ఏసీ కారులోంచి దిగగానే బ్యాగు తెరవడం. ఉక్కపోత గాలికి లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఒక అరగంట బ్యాగు మూసే ఉంచుదాం.
• వానాకాలమంతా కెమెరాను బీరువాలో తోలు సంచిలో దాచడం. తేమకు ఫంగస్ పడుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచి, వారానికోసారి తీసి వాడుదాం.

ఎంచుకునే వరస చోటు నుంచి బాడీకి అయినా, కొనే వరస ఇదీ: ముందు బాడీ, కిట్ లెన్స్, ట్రైపాడ్, తర్వాత పోలరైజర్, మన ఫొటోలు మనకు చెప్పాక రెండో లెన్స్. ఆ రెండో లెన్స్ ఏదో ఏ షాపువాడినీ అడగక్కర్లేదు. నోటుపుస్తకంలో రాసుకున్న చోట్లు, కంప్యూటర్‌లో చూసుకున్న అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే జవాబు అక్కడే ఉంటుంది. ఈ ఆదివారమే ఫోన్ పట్టుకుని దగ్గర్లోని చెరువు గట్టు మీద మొదటి అడుగు వేయండి.